చింతపులుసు పక్కన రెడ్ వైన్

రెడ్ వైన్‌తో ఏం తినాలో చెప్పే సూత్రాలన్నీ చింతపండూ ఎండుమిరపకాయా లేని వంటిళ్లలో పుట్టాయి. వేటమాంసానికి ఎరుపు, చేపకు తెలుపు, జున్నుకు ఫలానాది అని ఫ్రాన్సు వాళ్లూ ఇటలీ వాళ్లూ తరాల తరబడి తిని, తాగి కుదుర్చుకున్న లెక్క అది. ఆ లెక్కను మైలవరం తెచ్చి ఆదివారం మధ్యాహ్నం విస్తరి ముందు పెడితే మొదటి ముద్దకే తప్పుతుంది. నాటుకోడి పులుసు, గోంగూర పచ్చడి, ఆవకాయ, చివర్లో గడ్డపెరుగు. ఆ సూత్రాలు రాసినవాళ్లు వీటిలో ఏ ఒక్కదాన్నీ దృష్టిలో పెట్టుకోలేదు. లెక్క ఎందుకు తప్పుతుందో మాత్రం రసాయనశాస్త్రం వివరంగా చెప్పగలదు. అది తెలిస్తే మన భోజనంలో వైన్ ఎక్కడ ఇముడుతుందో, ఎక్కడ ఇమడదో ఎవరికి వారే తేల్చుకోవచ్చు.

మైలవరం చుట్టూ మామిడి. కృష్ణ కాలవల కింద వరి పండే డెల్టా ఇక్కడికి రాకముందే ఆగిపోతుంది, జి.కొండూరు దాటాక నేల మెట్ట, తోట మామిడి, పక్కనే నూజివీడు. వైన్ చేసే ద్రాక్ష మాత్రం ఇటువైపు లేదు. హైదరాబాద్ పరిసరాల్లో ఒకప్పుడు పేరుమోసిన అనాబ్-ఎ-షాహీ తినే ద్రాక్షే గానీ ఎర్ర వైన్‌కు పనికొచ్చే రకం కాదు. ఆ రకాలకు కాయ పండేటప్పుడు చల్లటి రాత్రులు కావాలి. రాత్రి వేడిగా ఉంటే కాయ తనలోని మాలిక్ ఆమ్లాన్ని తనే ఖర్చుచేసుకుంటుంది, పులుపు చచ్చిపోతుంది. సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్న నాసిక్‌లో శీతాకాలపు చలి ఆ పులుపును నిలబెడుతుంది. అందుకే అక్కడ వైన్ ద్రాక్ష కోత ఎక్కువగా జనవరి, మార్చి మధ్యనే. మన దగ్గర దొరికే మామూలు ధర రెడ్ వైన్ నాసిక్ వైపు నుంచో, బెంగళూరు దగ్గరి నంది కొండల వైపు నుంచో వచ్చి ఉంటుంది. ఇది కాక తియ్యటి పోర్ట్ వైన్ అని ఇంకోటి ఉంది. దాన్ని ఎక్కువగా బెంగళూరు బ్లూ అనే నల్ల ద్రాక్షతో చేస్తారు. దాని సంగతి తర్వాత.

ధర తక్కువైనంత మాత్రాన నాసిరకం అనుకోనక్కర్లేదు. ఎకరానికి ఎక్కువ కాపు తీస్తారు. 225 లీటర్ల ఓక్ పీపాల జోలికి పోకుండా స్టీలు ట్యాంకుల్లో పులియబెడతారు; ఆ చెక్క వాసన కావాలనుకుంటే ఓక్ ముక్కలు వేస్తారు. ఏడాది తిరక్కుండా సీసాలకెత్తుతారు. డబ్బు మిగిలేది ఈ మూడింటి దగ్గరే. వైన్ కాస్త పల్చగా ఉంటుంది, పండు వాసన మాత్రం తాజాగా ఉంటుంది. నన్నడిగితే మన వాతావరణంలో దాన్ని పాడుచేసేది తయారీ కాదు, దారి. 40 డిగ్రీలు దాటే విజయవాడ మే నెలలో లారీలోనో, గోదాములోనో, దుకాణం అరమీదో నిలబడిన సీసాలో వైన్ దాదాపు ఉడికిపోతుంది. వేడి పెరిగేకొద్దీ రసాయన చర్యల వేగం పెరుగుతుంది, ఏళ్లమీద జరగాల్సిన ముసలితనం నెలల్లో వచ్చేస్తుంది. కనక కొనేటప్పుడు సీసామీది సంవత్సరం చూసి కొత్తది తీసుకోవడం మంచిది. సీసాకు బెరడు బిరడా కాకుండా మరమూత ఉంటే చౌకబారు అని ముఖం తిప్పుకోవద్దు; ఈ ఎండలకు అదే మేలు.

రుచి విషయంలో ధర మనల్ని ఎంత ఆడిస్తుందో చూపే ప్రయోగాలు చాలా ఉన్నాయి. 2001లో బోర్డో పరిశోధకులు తెల్ల వైన్‌లో రుచీ వాసనా లేని ఎర్ర రంగు కలిపి, వైన్ శాస్త్రం చదువుతున్న 54 మందికి ఇచ్చారు. వాళ్లు దాన్ని ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. 2008లో కాలిఫోర్నియాలో ఒకే 90 డాలర్ల వైన్‌ను ఒకసారి 10 డాలర్లదనీ, మరోసారి 90 డాలర్లదనీ చెప్పి తాగిస్తే, ధర ఎక్కువ చెప్పినప్పుడు మెదడులో సుఖాన్ని లెక్కగట్టే భాగం ఎక్కువ చురుకైంది. అదే ఏడాది వచ్చిన మరో అధ్యయనంలో, లేబుల్ చూపకుండా జరిపిన 6,000కు పైగా రుచి పరీక్షల్లో, శిక్షణ లేని మామూలు జనం ఖరీదైన వాటిని కొంచెం తక్కువగానే ఇష్టపడ్డారు. కాబట్టి సీసాకు న్యూస్‌పేపర్ చుట్టి, ఏది ఎంతదో చెప్పకుండా గ్లాసుల్లో పోస్తే చాలు, సగం గొప్పలు అక్కడే రాలిపోతాయి.

గ్లాసును తెల్ల కాగితం మీద వంచి అంచు చూడండి. ఊదా రంగు కొడుతుంటే కుర్ర వైన్. ఇటుక రంగు, గోధుమ రంగు తిరిగిందంటే ముసలిదన్నా అయ్యుండాలి, వేడి తిన్నదన్నా అయ్యుండాలి. ఈ రంగు ఆంథోసయనిన్ల వల్ల వస్తుంది. ద్రాక్ష రసానికి రంగుండదు, తొక్కలోనే రంగంతా; తొక్కతో కలిపి పులియబెడితేనే వైన్ ఎర్రబడుతుంది. జూన్, జూలైల్లో నేరేడు పళ్లు తిన్నాక నాలుకను ఊదా చేసేదీ ఈ జాతి పదార్థాలే. రెండు చెంచాల వైన్‌లో చిటికెడు వంటసోడా వేస్తే ఎరుపు ఎగిరిపోయి నీలం కలిసిన బూడిద రంగు వస్తుంది. నేరేడు రసంతోనూ చేసి చూడొచ్చు. ఆమ్లంలో ఎర్రగా, క్షారంలో నీలంగా ఉండటం ఆంథోసయనిన్ల గుణం.

ఆ తర్వాత ముక్కు. మనం రుచి అనుకునేదాంట్లో ఎక్కువ భాగం వాసనే, అదీ బయట్నుంచి కాదు, నోటి వెనకనుంచి ముక్కులోకి ఎక్కేది. నమ్మకం లేకపోతే ముక్కు గట్టిగా మూసుకుని కాస్త జీలకర్ర నమలండి: ఏదో పొట్టు నమిలినట్టుంటుంది. ముక్కు వదలగానే జీలకర్ర జీలకర్ర అవుతుంది. వైన్‌ను గుటుక్కున మింగకుండా నోట్లో కాసేపు తిప్పమనేది ఇందుకే. అప్పుడు నాలుకకు తెలిసేవి నాలుగే: పులుపు, కాస్త చేదు, ఉంటే తీపి, వీటన్నిటికీ మించి వగరు. ఆల్కహాల్ వెచ్చదనం గొంతులో తెలుస్తుంది. మామూలు రెడ్ వైన్‌లో ఆల్కహాల్ 12 నుంచి 14 శాతం.

ఈ వగరు మనకు కొత్త కాదు. ఉగాది పచ్చడిలో మామిడి ముక్కకు అప్పగించేది ఈ పనే. మామిడి జీడి కొరికినా, అరటికాయ పచ్చిది కొరికినా, వక్క నమిలినా, పాలు పోయని టీ తాగినా తగిలేది ఇదే. వీటన్నిటి వెనకా టానిన్లు అనే పదార్థాలున్నాయి. ద్రాక్ష తొక్కలోంచీ గింజలోంచీ అవి వైన్‌లోకి దిగుతాయి. మన సంప్రదాయం వగరును ఆరు రుచుల్లో ఒకటిగా లెక్కవేసింది; శరీరశాస్త్రజ్ఞులు దాన్ని ఎక్కువగా స్పర్శకు సంబంధించినదిగా చూస్తారు. లాలాజలంలో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం దండిగా ఉన్న ప్రోటీన్లు ఉంటాయి. నోటిని జారుడుగా ఉంచేవాటిలో ఇవి ముఖ్యమైనవి. టానిన్లు వచ్చి వీటిని పట్టుకుని ఉండలు కట్టించేస్తాయి. తలుపు బందుకున్న నూనె తుడిచేస్తే కిర్రుమన్నట్టు, ఆ జారుడు పోగానే నాలుకకు అంగిలి గరుగ్గా తగులుతుంది. ఇంకో గుక్క వేస్తే ఇంకాస్త పెరుగుతుంది, ఎందుకంటే లాలాజలం మళ్లీ ఊరేందుకు వ్యవధి కావాలి. వట్టి వైన్ తాగుతూ కూర్చుంటే నాలుగో గుక్కకు నోరు తోలులా అవడం అందుకే.

దీనికి విరుగుడు కూడా మనం రోజూ వాడుతున్నదే. టీలో పాలు పోస్తే వగరు తగ్గుతుంది: టానిన్లు మన లాలాజలం కోసం ఆగకుండా పాలలోని కేసీన్ ప్రోటీన్‌ను పట్టుకుంటాయి. మాంసం, జున్ను, పెరుగు, నెయ్యి వైన్‌కు చేసే మేలు ఇలాంటిదే. మాంసకృత్తులు టానిన్లకు పని కల్పిస్తాయి, కొవ్వు నోటికి పూత పూస్తుంది. వేటమాంసానికి ఎర్ర వైన్ అన్న యూరప్ సూత్రంలో ఉన్న నిజం ఇంతే. ఆ నిజం మైలవరంలోనూ చెల్లుతుంది, మాంసంలో కారం లేకపోతే.

కారం దగ్గరే అసలు చిక్కు. మిరపకాయలోని క్యాప్సైసిన్ నాలుకమీద రుచి మొగ్గల్ని కాదు, వేడిని కనిపెట్టే నరాల్ని తాకుతుంది. ఆ నరాలమీద ఉండే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించింది. ఆయనకు 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. మామూలుగా సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటితే ఈ గ్రాహకం మేలుకుని కాలుతోందని మెదడుకు చెబుతుంది. క్యాప్సైసిన్ తగిలితే వేడి లేకుండానే ఆ కబురు వెళ్తుంది. ఇక ఆల్కహాల్ చేసేది చూడండి. ఆ గ్రాహకం మేలుకునే ఉష్ణోగ్రతను అది 34 డిగ్రీల దాకా దించేస్తుందని 2002లో ఇటలీ పరిశోధకులు చూపించారు. మన ఒంటి వేడే 37. అంటే ఆల్కహాల్ తగిలిన చోట మన నోటి సొంత వేడే మంటగా అనిపించవచ్చు. గుంటూరు తేజా మిరపతో చేసిన కోడివేపుడు తిని, ఆ మంట మీద 14 శాతం వైన్ పోస్తే చల్లారదు, రాజుకుంటుంది. క్యాప్సైసిన్ ఆల్కహాల్‌లో కరుగుతుంది కదా, కడిగేయదా అని అడగొచ్చు. వైన్‌లో ముప్పాతికకు పైగా నీళ్లే. ఆ పల్చదనానికి కడిగే శక్తి లేదు. మంటెత్తిన నోటికి వగరు మరింత మొరటుగా తగలడం ఆపైన.

ఆవకాయది రెట్టింపు గొడవ. కారం ఒక గ్రాహకాన్ని పట్టుకుంటే, ఆవపిండిలోంచి పుట్టే అల్లైల్ ఐసోథయోసయనేట్ టీఆర్‌పీఏ1 అనే ఇంకోదాన్ని పట్టుకుని ముక్కుదాకా ఎక్కుతుంది. ముక్కు దిమ్మెక్కాక వైన్ వాసనలు వెతికేది ఎక్కడ? ఆవకాయ అన్నంతో రెడ్ వైన్ బావుంటుందని ఎవరన్నా చెబితే, ఆయన రెండింట్లో ఒకటి ఎన్నడూ రుచి చూడలేదని నా అనుమానం.

పులుసు సంగతి ఇంకా తమాషా. చాలా పళ్లలో పులుపు సిట్రిక్ ఆమ్లంవల్లో మాలిక్ ఆమ్లంవల్లో వస్తుంది. ద్రాక్షలో ప్రధానమైనది టార్టారిక్ ఆమ్లం. పళ్లలో ఇది ఇంత దండిగా ఉండటం అరుదు, ఆ అరుదైనవాటిలో చింతపండు ఒకటి. 1769లో స్వీడన్ రసాయనవేత్త కార్ల్ షీలే వైన్ పీపాల్లో పేరుకునే గట్టి మడ్డిలోంచి వేరుచేసిన ఆమ్లమూ, మన ఇళ్లలో చింతపండు పిసికితే నీళ్లలోకి దిగేదీ ఒకటే. బంధుత్వం ఉంటే పొత్తు కుదరాలి కదా అనిపిస్తుంది. కుదరదు. పులుసు పులుపుకు అలవాటుపడిన నాలుకకు వైన్ పులుపు ఆనదు. వేడి ప్రాంతపు చౌక వైన్‌లో ఉండేదే తక్కువ, అదీ మాయమై చప్పగా మిగులుతుంది. పైగా ఆమ్లం పెరిగితే టానిన్ల వగరు ఎక్కువగా తెలుస్తుంది. అంటే పులుసన్నం మీద గుక్కెడు తాగితే వైన్‌లో పోవాల్సిన వగరు మిగిలి, మిగలాల్సిన పులుపు పోతుంది. గోంగూరతోనూ ఇదే కథ.

చేపల విషయంలో పాత సూత్రం నిలబడింది, కారణం మాత్రం 2009లో గానీ స్పష్టం కాలేదు. జపాన్‌లో వైన్ చేసే మెర్సియన్ సంస్థ పరిశోధకులు రకరకాల వైన్లను ఒక సముద్రపు ఆల్చిప్పల జాతితో రుచి చూసి, నీచు వాసన పుట్టించేది వైన్‌లోని ఇనుమని తేల్చారు. ఇనుము లీటరుకు 2 మిల్లీగ్రాములు దాటిన వైన్లలో ఆ గొడవ ఎక్కువ. ఇనుమును కట్టిపడేసే పదార్థం వేస్తే నీచు తగ్గింది. ఇనుము తగిలి చేప కొవ్వులు విరిగి వాసన లేస్తుందన్నమాట. ఎర్ర వైన్లలో ఇనుము ఎక్కువగా ఉండే వీలుంది. కొరమీను పులుసుకైతే చింతపండు అడ్డం, కారం అడ్డం, ఇప్పుడు ఇనుమూ అడ్డం. అక్కడ సీసా మూసి పక్కన పెట్టడమే.

మరి దేంతో? కారం తక్కువ, ఉప్పు సరిగ్గా, కొవ్వూ మాంసకృత్తులూ దండిగా ఉన్నవాటితో. ముద్దపప్పులో నెయ్యి పోసుకున్న అన్నం మొదటిది. దీని పక్కన మామూలు రెడ్ వైన్ కూడా మర్యాదగా ప్రవర్తిస్తుంది. నువ్వులూ వేరుశనగలూ వేయించి కూరిన గుత్తివంకాయ, చింతపండు వేలు ముంచినంత వేస్తే, బాగా కలుస్తుంది. ఉప్పు పల్లీలు సరేసరి. ఉప్పు చేదును అణచి మిగతా రుచుల్ని పైకి తెస్తుందని 1997లోనే ప్రయోగాలతో చూపారు. కారం తగ్గించి ధనియాలు, గసగసాలు, కొబ్బరితో దగ్గరకు వండిన వేటమాంసం, గారెలు, హైదరాబాద్ హలీం: వీటి వరసలో హలీంకే నా ఓటు. గంటల తరబడి ఉడికిన మాంసం, గోధుమ, నెయ్యి టానిన్లను ఆనవాలు లేకుండా మింగేస్తాయి.

ఉష్ణోగ్రత సరిచేయకుండా ఇవేవీ పనిచేయవు. రెడ్ వైన్‌ను గది ఉష్ణోగ్రతలో తాగాలన్న మాట యూరప్‌లో 16, 18 డిగ్రీలుండే పాతకాలపు గదుల్ని చూసి పుట్టింది. మైలవరంలో వేసవి గదికి అది వర్తించదు. 35 డిగ్రీల దగ్గర వైన్‌లోంచి ముందు లేచేది ఆల్కహాల్ ఆవిరి, పండు వాసన దాని కింద నలిగిపోతుంది. గంటో గంటన్నరో ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. మరీ మంచులా చేస్తే వగరు బిగుసుకుంటుంది, అదీ చూసుకోవాలి.

తియ్యటి పోర్ట్ వైన్‌ను వైన్ తెలిసినవాళ్లు చిన్నచూపు చూస్తారు. కారం భోజనం ముందు మాత్రం దానికి రసాయనశాస్త్రం మద్దతుంది: చక్కెర మంటను తగ్గిస్తుంది, చేదునూ వగరునూ కప్పుతుంది. ఆల్కహాల్ దానిలోనూ తక్కువేం కాదు గనక చల్లగా, కొంచెంగా. భోజనం చివర చిన్న రసం పండు జుర్రుకునే పని ఉంటే మాత్రం ఏ రెడ్ వైన్ అయినా అంతకుముందే ముగించాలి. ఆ తీపి తర్వాత వగరు వైన్ పుల్లటి కషాయంలా ఉంటుంది.

కారానికి తగిన పానీయం ఎలా ఉండాలో ఈ లెక్కలన్నీ కలిపి చూస్తే తేలుతుంది: ఆల్కహాల్ తక్కువ, కాస్త తీపి, కాస్త పులుపు, టానిన్లు లేనట్టే. కృష్ణా జిల్లా పొలంగట్ల మీది తాటి కల్లు సరిగ్గా ఇదే. గెలలోంచి కారే తియ్యటి నీరా ముంతలో పడుతూండగానే ఈస్టులూ, జైమోమోనాస్ అనే బాక్టీరియా దాన్ని పులియబెట్టడం మొదలెడతాయి; సున్నం పూసిన ముంతైతే ఆ పని ఆగుతుంది. కొన్ని గంటల కల్లులో ఆల్కహాల్ సుమారు 4, 5 శాతం, అంటే వైన్‌లో మూడోవంతు. తీపి ఇంకా మిగిలే ఉంటుంది. మిరపకాయ బజ్జీ, కారం పట్టించిన మాంసం దాని పక్కన ఎందుకు చెల్లుతాయో వేరే చెప్పక్కర్లేదు. మర్నాటికి ఎసిటిక్ ఆమ్లం చేరి కల్లు పుల్లబారుతుంది, అందుకే అది దూరం ప్రయాణించలేక గీసిన ఊళ్లోనే ఉండిపోయింది.

ఈ రాష్ట్రంలో మద్యం గురించి రాసేవాళ్లు దూబగుంటను దాటి పోలేరు. 1992లో నెల్లూరు జిల్లాలోని ఆ ఊరి ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటం 1993లో సారా నిషేధానికీ, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికీ దారితీసింది. 1997లో ఆ నిషేధం ఎత్తేశారు. రెడ్ వైన్ గుండెకు మంచిదన్న ప్రచారం 1991లో ఒక అమెరికన్ టీవీ కార్యక్రమంతో ఊపందుకుంది. దానికి ఆధారంగా చూపే రెస్వెరట్రాల్ లీటరు వైన్‌లో కొన్ని మిల్లీగ్రాములే. ఆల్కహాల్ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే వర్గీకరించింది, ఎంత తక్కువైనా సురక్షితం అనలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. కనక మందని తాగకండి. ఆంధ్రప్రదేశ్‌లో 21 ఏళ్లు నిండనివాళ్లకు అమ్మడం నేరం కూడా.

సీసాలో సగం మిగిలితే మూత బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టండి. గాలి తగిలాక అందులోనూ కల్లుకు పట్టిన గతే పడుతుంది, మూడు నాలుగు రోజులు దాటితే వాసన మారడం మొదలవుతుంది. అప్పుడు సీసా అడుగున గాజు పెంకుల్లా మెరిసేవి కనబడితే కంగారుపడి పారబోయకండి. చలికి టార్టారిక్ ఆమ్లం పొటాషియంతో కలిసి స్ఫటికాలుగా దిగింది, అంతే. ఇలాంటి స్ఫటికాల మీద పనిచేస్తూనే 1848లో లూయీ పాశ్చర్, ఒకే పదార్థపు అణువులు కుడిచేయి, ఎడమచేయిలా రెండు రూపాల్లో ఉండగలవని కనిపెట్టాడు. వైన్ వడగట్టి, కారం తగ్గించి వండే మాంసంలో పోసుకోవచ్చు. చింతపండు మాత్రం ఆ పూటకు వద్దు, పులుపు అందులోనే ఉంది.